జొన్నలో అలసంద

ప్రొద్దుటూరు,
24 జూన్ 2024.

చెల్లెలు ఖాజాబీకి అన్న దావూద్ దువా.

నేను ఫోన్ చేస్తే నువ్వు కట్ చేస్తున్నావు. నా గొంతు ఇంక నీ చెవిన పడకూడదని పంచాయితీలో అందరి ముందర శపథం చేశావు కదా. ఆ శపథం గొంతు గురించే గానీ రాత గురించి కాదు, అందుకే ఈ జాబు. పదో తరగతిలో నీకు తెలుగులో నాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయని నాయన చచ్చేదాకా చెప్పుకున్నాడు. వాటికి ఇన్నాళ్లకు పని దొరికింది.

పంచాయితీ గురించి నువ్వు ఊరంతా చెప్పుకుంటున్నది నా అంగడి దాకా వచ్చింది. అన్న చెల్లెలి నోటికాడి కూడు లాక్కున్నాడట. ఎక్కడ లాక్కున్నాను? నాయన మూడెకరాలు పాసుబుక్కులో నా పేరు మీద ఉన్నాయి. అయినా మొగుడు పోయినదానివని, బతికినన్నాళ్లు నిన్ను చేసుకొని తిననిమ్మని పెద్దమనిషి నరసింహులు అంటే సరేనన్నాను. నేను అడిగింది ఒక్కటే, మన ఊరి కలుపు కట్టుబాటు నీకూ వర్తించాలని. జొన్న కంకి పట్టినాక పెద్దలు గట్ల మీద తిరుగుతారు. ఎవరి చేలోనైనా కలుపు గింజ పట్టి కనిపిస్తే, చేసేవాడి దగ్గర నుంచి సొంతదారు ఆ చేను వెనక్కి తీసుకోవచ్చు. ఒకరి సోమరితనం గాలికి లేచి పదిమంది చేలలో పడకూడదని తాతలు పెట్టుకున్న మాట అది. ఊరందరికీ ఉన్నదే నీకూ ఉంది.

కలుపు కూలీలను పిలిపించే స్తోమత నీకు లేదు, వంగి తీసే మోకాళ్లూ లేవు. నా అంగట్లో దొరకని కలుపు మందు ప్రొద్దుటూరులో ఎక్కడా దొరకదు. ఒక్క మాట రాయి, పెద్దోడు ఇమ్తియాజ్ చేత పంపిస్తా. వాడు ఇప్పుడు అంగడి మొత్తం చూసుకుంటున్నాడు. చిన్నోడు అమ్జద్ మాత్రం గల్లా ముందు కూర్చొని నిద్రపోతాడు, వాడికి నీ కూతురు ముస్కాన్‌ను చేసుకొని నేను నీకు ఉపకారం చేశానో నువ్వు నాకు చేశావో ఇంకా తేలలేదు. ముస్కాన్ బాగుంది. నాకు బీపీ అని చెప్పి ఇంట్లో అందరికీ ఉప్పు తగ్గించేసింది.

నీ గొంతు వినకపోయినా అన్నం సయిస్తున్న
నీ అన్న,
దావూద్.

*

జమ్మలమడుగు దగ్గర మన ఊరు,
9 జూలై 2024.

అన్న దావూద్‌కు సలాం.

ఉపకారం చేశానని నీ నోటితో నువ్వు చెప్పుకోకపోతే నీకు తిన్నది అరగదు. చిన్నప్పటి నుంచీ అంతే. నాయనకు నాలుగేళ్లు మందులు మింగించి, ఆయన మంచం మీద ఉండగా ఈ చేను దున్నించి పండించింది నేను. పాసుబుక్కులో పేరు మాత్రం నీది. అయినా కట్టుబాటుకు నేను భయపడను. ఊరందరూ దాని కిందే బతుకుతున్నారు.

మందు వద్దు. ఈసారి నేను జొన్న ఒక్కటే వేయలేదు. రెండు సాళ్లు జొన్న, ఒక సాలు అలసంద, మళ్లీ రెండు సాళ్లు జొన్న, అట్లా మూడెకరాలూ వేశాను. సచివాలయంలో వ్యవసాయం చూసే భవ్య అనే అమ్మాయి చెప్పింది. జొన్న మొదట్లో పొడుగ్గా, పలచగా లేస్తుంది. మధ్యలో నేల ఖాళీగా ఉంటుంది కాబట్టి కలుపు అక్కడ లేస్తుంది. అలసంద అయితే లేచిన నాటి నుంచి పక్కలకు పాకుతుంది. నేలంతా ఆకు కప్పేస్తే కింద గడ్డి గింజకు ఎండ తగలదు, లేచినా పాలిపోయి చస్తుంది. అలసంద వేర్లు నేలకు బలమిస్తాయి కూడా. మన ముసలి జేజి కూడా జొన్నలో అలసంద వేసేదని ఆ తరువాత గుర్తుకొచ్చింది. నీకు గుర్తుండదు, నువ్వు కాయలు కోసేటప్పుడే ఇంటికొచ్చేవాడివి.

ఇంతకూ అడుగుతున్నా, ముస్కాన్‌ను ఒక వారం పంపు. దాని బిడ్డ జహీర్‌ను చూసి శానా నాళ్లయింది. వాడికి నేనంటే గుర్తుండాలి కదా.

మందుల వాసన తగలని చోట నుంచి,
ఖాజాబీ.

*

ప్రొద్దుటూరు,
18 జూలై 2024.

చెల్లెలు ఖాజాబీకి దువా.

నీ జాబు అంగట్లో అందరికీ చదివి వినిపించాను. మందుల కంపెనీ మనిషి ఒకడు ఉన్నాడు, నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు. కలుపును పోగొట్టడానికి ఇంకొక మొక్క నాటుతారా అమ్మీ? ఇంట్లో ఎలుకలున్నాయని పందికొక్కును తెచ్చుకున్నట్టుంది. జొన్నకు పోయే నీళ్లు, జొన్నకు పోయే బలం ఆ అలసంద తాగదా? నేను ముప్పై ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నా. నాకు తెలిసింది ఒక్కటే, జొన్న చేలో జొన్న కానిదంతా కలుపే. అది నువ్వు నాటినా సరే, గాలి నాటినా సరే.

ఆ భవ్యకు ఎన్నేళ్లు? ఆమె పండించి తిన్నది ఏమైనా ఉందా?

ముస్కాన్‌ను పంపడం కుదరదు. మీ వదిన సమీరాకు నడుము నొప్పి, వంటిల్లు అంతా నీ కూతురి మీదే నడుస్తోంది. నువ్వు శపథం వదిలి ఫోన్ ఎత్తితే మనవడిని వీడియోలో చూపిస్తా, వాడు ఇప్పుడు నన్ను దాదా అంటున్నాడు. నిన్ను ఏమని పిలవాలో వాడికి ఎవరూ నేర్పలేదు. తప్పు నాది కాదు, శపథం నీది.

నీ మేలు కోరే
దావూద్.

*

జమ్మలమడుగు దగ్గర మన ఊరు,
4 ఆగస్టు 2024.

అన్నకు సలాం.

మనవడి మాట చెప్పి గుచ్చినందుకు సంతోషం. అదొక్కటే నీకు బాగా చేతనైన విద్య.

చేను గురించి రాస్తా, కంపెనీ మనిషికి కూడా చదివి వినిపించు. నేల కనపడటం లేదు. జొన్న మోకాలి ఎత్తు దాటింది, సాళ్ల మధ్య అలసంద దుప్పటి కప్పినట్టు పరుచుకుంది. చెయ్యి పెట్టి ఆకు ఎత్తి చూస్తే కింద గడ్డిపోచ తెల్లగా, దారంలాగా ఉంది. పట్టుకుంటే వేరుతో సహా వస్తుంది. పక్క చేలలో రెండోసారి కలుపు తీస్తున్నారు. కూలికి వచ్చిన ఆడవాళ్లు గట్టు మీద నిలబడి, నన్ను మా పొట్ట కొట్టేదానివని తిట్టిపోయారు. నరసింహులు మామ వచ్చి శానాసేపు చూసి, "ఏందమ్మే ఖాజాబీ, యాడా గడ్డిపోస కనపడ్లేదే" అన్నాడు. మనసులో ఈ మాట దావూద్ విని ఉంటే బాగుండేది అనుకున్నాను.

ఇది ఒక్క ఏటి సంగతి కాదన్నా. ఈసారి నిలబడితే ఈ చేను నేను బతికినన్నాళ్లు ఎవరి దయా లేకుండా చేసుకోగలను. కూలీలు అక్కరలేదు, మోకాళ్లు అక్కరలేదు, నీ అంగడి అక్కరలేదు. పోతే నాకు వేరే చోటు లేదు. ఎవరింట్లోనో గిన్నెలు తోముకోవాలి.

మెహబూబున్నీసక్క పులివెందులలో బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నీకు ఫోన్ చేశారట, అంగట్లో రద్దీ అన్నావట. నేను రేపు పులివెందులకు పోతున్నా. చేను గురించి దిగులు లేదు, నేను లేకపోయినా అలసంద దాని పని అది చేసుకుంటుంది. ఏమన్నా రాయాలంటే అక్క ఇంటికి రాయి.

నవ్వించే జాబులు ఇంక రాయలేని
ఖాజాబీ.

*

ప్రొద్దుటూరు,
14 ఆగస్టు 2024.

చెల్లెలు ఖాజాబీకి, అక్క మెహబూబున్నీసాకు దువా.

అక్కా, కోలుకో. రావాలనే ఉంది గానీ సీజన్.

ఖాజా, నీకు ఒక మంచి పని చేసిపెట్టాను. నువ్వు ఊళ్లో లేవు కదా, నా అంగడికి మందు కొట్టే మనిషిని చాపాడు నుంచి పిలిపించి నీ చేనుకు పంపాను. మూడెకరాలూ కొట్టించాను. జొన్నకు వాడే వెడల్పాకు మందు, జొన్నకు రోమం కూడా వంగదు. వెడల్పు ఆకు ఉన్నది ఏదైనా ముడుచుకొని పోతుంది. నీ అలసంద పోతుందని నాకు తెలుసు. పోవాలనే కొట్టించాను. ఇక ఆ బలమంతా జొన్నకే. మొండిదానివి, చెబితే వినవు కాబట్టి నువ్వు లేనప్పుడు చేయించాల్సి వచ్చింది. చిన్నప్పుడు నీకు ముక్కు మూసి ఆముదం తాగించినట్టే అనుకో.

గట్టు మీద నా అంగడి బోర్డు ఒకటి నాటించాను, "మా మందు వాడిన చేను" అని. జమ్మలమడుగు దారిన పోయే బస్సుల్లో నుంచి కూడా కనిపిస్తుంది. నరసింహులు మెచ్చుకున్నంత బాగా వచ్చిన చేను, నా అంగడికి కూడా కాస్త పనికొస్తే తప్పేమిటి?

మందుకు నీ దగ్గర ఏమీ తీసుకోను. తోబుట్టువుల మధ్య లెక్కలేమిటి?

అన్న,
దావూద్.

*

జమ్మలమడుగు దగ్గర మన ఊరు,
23 ఆగస్టు 2024.

దావూద్‌కు.

సలాం రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ జాబు చూసి అక్కను పక్కింటివాళ్లకు అప్పజెప్పి వచ్చాను. బస్సు దిగకముందే నీ బోర్డు కనిపించింది. దాని వెనక నా చేను. అలసంద తీగలు మెలికలు తిరిగి, ఆకులు దొప్పల్లాగా ముడుచుకొని, కాడలు పగిలి పడున్నాయి. పూత మీదున్న మొక్కలన్నా. రెండు రోజులు ఆగి ఉంటే పిందె పడేది. గట్టు మీద కూర్చొని ఏడ్చాను, ఆ సంగతి దాచుకోను.

నీ మందు వెడల్పాకును చంపుతుంది, గడ్డిని చంపదు. ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఆ సంగతి నీకు తెలియదా? కప్పి ఉంచిన ఆకు పోయింది, మొన్న వాన పడింది. సాళ్ల మధ్య ఇప్పుడు గరిక, ఊదగడ్డి ఎగబడి లేస్తున్నాయి. కలుపుకు కూలీలు దొరకడం లేదు. నన్ను తిట్టిపోయిన ఆడవాళ్ల దగ్గరికే పోయి అడిగాను. "మీ అన్న మందు కొట్టిచ్చినాడంట గదా, మాతో ఏం పని" అన్నారు. భవ్య వచ్చి చూసి తల పట్టుకుంది. నేను పొద్దున లేచి కూర్చొని జరుగుతూ పీకుతున్నా. ఈ కొస నుంచి ఆ కొసకు పోయేసరికి మళ్లీ ఈ కొస పచ్చబడుతోంది.

తిట్టడానికి రాయడం లేదు. ఒక్కటి అడుగుతున్నా. పెద్దలు చేను చూసే నాడు నువ్వు వస్తావు, సొంతదారువు కదా. ఆ రోజు అందరి ముందర చెప్పు, ఈ చేలో కలుపు లేకుండా ఉన్నింది, మందు కొట్టించి చెడగొట్టింది నేను అని. అంతే. నువ్వు చెబితే నరసింహులు మామ ఈ ఏటికి వదిలేస్తాడు. వేరెవరు చెప్పినా, సొంతదారు ఒప్పుకోని మాట లెక్కలోకి రాదంటారు. నాకు ఈ చేను తప్ప ఏమీ లేదని నీకు తెలుసు.

ఖాజాబీ.

*

ప్రొద్దుటూరు,
1 సెప్టెంబర్ 2024.

చెల్లెలు ఖాజాబీకి దువా.

నీ జాబులో కృతజ్ఞత ఎక్కడా కనపడలేదు. సరే, ఆశించలేదు.

గడ్డి మొలిస్తే అది వాన తప్పు. మందు తప్పు ఏమీ లేదు, దాని పని అది చేసింది. నువ్వు పులివెందులలో కూర్చోకుండా చేను దగ్గర ఉండి ఉంటే గడ్డి చిన్నగా ఉన్నప్పుడే పీకేదానివి. అక్కకు కోడళ్లు లేరా?

పెద్దల ముందర చెప్పమంటున్నావు. నా మందు చేను చెడగొట్టిందని నా నోటితో నేను చెబితే, రేపు నా అంగడికి ఎవడు వస్తాడు? ఇమ్తియాజ్ పిల్లలు ఏం తింటారు? నీ కూతురు ఏం తింటుంది? అది కూడా నా అంగడి కూడే తింటోందని మరిచిపోవద్దు. ఆ బోర్డు నాటకుండా ఉంటే వేరే సంగతి. ఇప్పుడు అది నా పేరు.

అయినా చూద్దాం. నేను మనిషిని కాదా?

దావూద్.

*

జమ్మలమడుగు దగ్గర మన ఊరు,
28 సెప్టెంబర్ 2024.

దావూద్‌కు.

నువ్వు కూడా అక్కడే ఉన్నావు కాబట్టి ఏం జరిగిందో రాయనక్కరలేదు. నాకు ఎట్లా కనిపించిందో రాస్తా.

నాలుగు చేలు చూసి నా చేను దగ్గరికి వచ్చారు. నేను పీకినంత మేర శుభ్రంగా ఉంది, మిగతా సగం ఊద వెన్ను తీసి గింజతో ఊగుతోంది. నరసింహులు మామ బాధపడ్డాడు, "పోయిన నెల చూస్తే అద్దం మాదిరి ఉన్నింది గదమ్మే, ఏమాయె" అన్నాడు. భవ్య మందు సంగతి చెప్పబోయింది. ఉద్యోగం చేసుకునే పిల్లవి, ఊరి మాటల్లోకి రాకూడదని ఆమెను ఆపేశారు. అప్పుడు నేను నీ వైపు చూశాను. నీ గొంతు విననని శపథం చేసినదాన్ని, ఆ రోజు నీ గొంతు కోసమే చెవులు అప్పగించి నిలబడ్డాను. నువ్వు వంగి చెప్పులో ఇరుక్కున్న మట్టి తీసుకున్నావు. తరువాత తల ఎత్తి, "కట్టుబాటు అందరికీ ఒగటే గదప్పా" అన్నావు.

నీ బోర్డు ముందే పీకి దాచిపెట్టించావు. ఉన్న గుంత కూడా పూడ్పించావు. అంత జాగ్రత్త మందు కొట్టేటప్పుడు ఎక్కడికి పోయింది?

జొన్న కోసుకునేదాకా గడువు ఇచ్చారు. ఆ తరువాత చేను నీది.

ఖాజాబీ.

*

ప్రొద్దుటూరు,
9 అక్టోబర్ 2024.

చెల్లెలు ఖాజాబీకి దువా.

అయిందేదో అయింది. కోపం తగ్గాక నువ్వే ఒప్పుకుంటావు, ఈ వయసులో నీకు చేను ఎందుకు? మా ఇంటికి వచ్చెయ్. సమీరాతో మాట్లాడాను. వంటింటి పక్కన సామాన్ల గది ఉంది, ఖాళీ చేయిస్తాం. ముస్కాన్‌కు వంటలో చెయ్యి సాయం అవుతావు. పనిమనిషిని మానిపించేద్దామని కూడా అనుకున్నాం. రోజూ మనవడిని చూసుకోవచ్చు, ఇంతకంటే ఏం కావాలి?

నా గొంతు మాత్రం వినాల్సి వస్తుంది. తప్పదు.

జొన్న కోసినాక చేను ఒకసారి దున్నించి అప్పజెప్పు. తరువాత ఏం చేయాలో నేను చూసుకుంటా.

దావూద్.

*

పులివెందుల,
12 నవంబర్ 2024.

అన్న దావూద్‌కు సలాం.

నీ సామాన్ల గది నాకు వద్దు. అక్క ఇంట్లో ఉంటున్నా. అక్క నడవలేదు కాబట్టి నన్ను తోలేయలేదు.

చేను దున్నించి అప్పజెప్పమన్నావు, దున్నించాను. ఇంకొక పని కూడా చేశాను, నువ్వు అడగనిది. నాయన చేలో ఏ కలుపున్నా తుంగ మాత్రం లేదు. ఊళ్లోకెల్లా తుంగ లేని చేను మనదేనని ఆయన చెప్పుకునేవాడు. నేను కాలువ గట్ల మీద తుంగ గడ్డలు తవ్వాను. మోకాళ్లు లేవన్నావు కదా, కూర్చొనే తవ్వాను, సంచుల కొద్దీ. ట్రాక్టర్ దున్నుతుంటే వెనక నడుస్తూ, ఒడిలో పోసుకొని, సాలు సాలుకూ జానెడు ఎడంలో వేసుకుంటూ పోయాను. పట్టపగలే వేశాను. దారిన పోయేవాళ్లు పప్పుశనగ వేస్తున్నావా అని అడిగారు. అవును అన్నాను.

తుంగ సంగతి నీకు తెలుసు. పైన కోస్తే కింద గడ్డ ఉంటుంది, గడ్డ పీకితే దాని కింద ఇంకొకటి ఉంటుంది. దున్నితే ముక్క ముక్కా మొలుస్తుంది. నీ అంగట్లో ఉన్న మందులన్నీ కలిపి పోసినా అది మళ్లీ లేస్తుంది. జొన్నలో జొన్న కానిదంతా కలుపు అన్నావు. ఇంక నీ చేలో అసలైన కలుపు ఎట్లా ఉంటుందో చూసుకో. వచ్చే ఏడు పెద్దలు గట్ల మీద తిరిగేటప్పుడు నీ మొహం చూడటానికైనా వస్తా.

ఇన్నాళ్లకు కడుపు నిండా అన్నం తిన్న
నీ చెల్లెలు,
ఖాజాబీ.

*

ప్రొద్దుటూరు,
20 డిసెంబర్ 2024.

చెల్లెలు ఖాజాబీకి అన్న దావూద్ దువా.

తుపాను వానలకు నువ్వు వేసిన పంట బాగా మొలిచింది. పోయి చూసి వచ్చాను. పచ్చగా, ఒక్క సాలు కూడా తప్పకుండా వచ్చింది. నీ చేతి చలవ గొప్పదే. రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. తరువాత ఆలోచిస్తే దారి కనపడింది.

పిల్లలకు పంపకాలు చేసేశాను. అంగడి ఇమ్తియాజ్‌కు ఇచ్చాను, వాడే కదా నడుపుతున్నది. అమ్జద్ గల్లా ముందు నిద్రపోయినా గట్టు మీద నిద్రపోయినా ఒకటే. కాబట్టి వాళ్ల భాగానికి చేను ఇచ్చాను. వాడి పేరు మీద పెడితే తాకట్టు పెట్టుకొని తింటాడని ముస్కాన్ పేరు మీదే రిజిస్టర్ చేయించాను. ఊళ్లో అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు, మేనకోడలికి మూడెకరాలు ఇచ్చిన మామ ఎక్కడైనా ఉంటాడా అని. నరసింహులు నా చెయ్యి పట్టుకొని, చెల్లెలి రుణం తీర్చుకున్నావు అన్నాడు.

ఒక్క షరతు పెట్టాను. అంగట్లో నుంచి ఇంక ఏమీ ఇవ్వను. ఆ చేను మీదే బతకాలి. ముస్కాన్ ఎంత సంతోషపడిందో చెప్పలేను. మా అమ్మ చేను మా అమ్మ చేను అని బిడ్డను ఎత్తుకొని ఇల్లంతా తిరిగింది. వచ్చే నెల ఊరికి కాపురం మారుస్తున్నారు. తుంగ సంగతి దానికి చెప్పలేదు. వాన పడింది కదా, గడ్డి ఉంటుంది, తీసుకుంటే పోతుంది అన్నాను.

నీ మొహం చూడటానికి వచ్చే ఏడు నేను కూడా వస్తా.

దావూద్.

*

పులివెందుల,
27 డిసెంబర్ 2024.

అన్నా,

నీ కాళ్లు పట్టుకుంటా. ఆ చేను వెనక్కి తీసుకో. ఇమ్తియాజ్ అంగట్లో అమ్జద్‌కు ఏదో ఒక పని ఇప్పించు. వాడు నీ కొడుకు కదా. నేను వస్తా, సామాన్ల గదిలో ఉంటా, వంట చేస్తా, పనిమనిషిని మానిపించెయ్. ఫోన్ చేశాను, నువ్వు కట్ చేశావు.

ముస్కాన్ నడుము పలచనిది. దానికి వంగి పని చేసే అలవాటు లేదు. జహీర్ ఇంకా చిన్నవాడు. తుంగ ఒక్క ఏడుతో పోయేది కాదు, దాని వయసంతా ఆ చేలోనే పోతుంది. నేను నీ మీద వేశాను అన్నా, దాని మీద కాదు.

ఏదీ కుదరదంటే ఒక్కటి చెయ్. వేసింది నేనని దానికి చెప్పొద్దు.

ఖాజాబీ.

*

ప్రొద్దుటూరు,
4 జనవరి 2025.

చెల్లెలు ఖాజాబీకి దువా.

నేను చెప్పను. నాకేం అవసరం? ఆనాడు పెద్దల ముందర నోరు మూసుకున్నవాడిని, ఇప్పుడు మాత్రం ఎందుకు తెరుస్తాను?

చేను వెనక్కి తీసుకోవడం కుదరదు. ఇచ్చిన చెయ్యి మళ్లీ చాచితే ఊరు ఏమనుకుంటుంది? కట్టుబాటు కూడా గుర్తుంచుకో. ఇప్పుడు సొంతదారు ముస్కానే కాబట్టి చేను ఎవరూ లాక్కోరు. కానీ తుంగ పక్క చేలలోకి పాకితే ఊరు నోరు మూసుకొని కూర్చోదు.

నేను ఇంక జాబులు రాయను. మన మధ్య రాయడానికి ఏమీ మిగల్లేదు.

దావూద్.

*

జమ్మలమడుగు దగ్గర మన ఊరు,
16 ఆగస్టు 2025.

అన్న దావూద్‌కు సలాం.

నువ్వు రాయనన్నావు, నేను రాయనని అనలేదు. ఇది వేరే ఎవరికీ చెప్పుకోలేను. నీకు ఒక్కడికే తెలుసు కాబట్టి నీకే రాస్తున్నా.

అక్క కర్ర పట్టుకొని నడుస్తోంది. నేను వేసవిలోనే ముస్కాన్ దగ్గరికి వచ్చేశాను. అమ్జద్ నెల రోజులు చేను మొహం చూసి, గోడలు కట్టే బేల్దారి పనికి కువైట్ పోతానని పాస్‌పోర్టుకు పెట్టుకున్నాడు. చేలోకి దిగేది మేమిద్దరమే. జొన్నలో మళ్లీ అలసంద వేయించాను. భవ్య చెప్పింది, నీడ పడితే తుంగ కూడా కొంచెం నెమ్మదిస్తుందట, కానీ చావదట. నిజమే. ఆకు కింద ఊద లేదు, గరిక లేదు. తుంగ మాత్రం అలసంద ఆకును సూదిలాగా పొడుచుకొని పైకి వస్తోంది.

రోజూ గడ్డపారతో తవ్వి గడ్డలు ఏరుతున్నాం. ముస్కాన్ అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, ఇప్పుడు గట్టిపడ్డాయి. నీ ఇంట్లో ఉన్నప్పుడు ఉన్న చేతులు కావు. రాత్రి బిడ్డను నిమిరితే గరుకుగా ఉన్నాయని వాడు మొహం తిప్పుకుంటాడు. సాళ్లు సాళ్లుగా, జానెడు ఎడంలో మొలిచిందని అది ఎప్పుడో కనిపెట్టింది. గాలికి వచ్చిన కలుపు ఇట్లా వరసలో ఉండదు కదా. ఎవరికో మా మీద కడుపుమంట ఉంది, కావాలని నాటిపోయారు అంటుంది. పక్క చేలవాళ్లను ఒక్కొక్కరినే అనుమానిస్తోంది. ఇద్దరితో మాటలు మానేసింది. వాళ్లు కాదని చెప్పే ధైర్యం నాకు లేదు.

నిన్న మధ్యాహ్నం అది తవ్వుతూ తవ్వుతూ గడ్డపార పారేసి సాల్లో కూలబడింది. వేలి గోరు లేచిపోయి నెత్తురు కారుతోంది. నేను కొంగు చించి కడుతుంటే చేను వైపు చూసి, "ఎవురు ఏసిపోయినారో గానీ మా, వాళ్ల చేతులు పడిపోనూ. వాళ్ల బిడ్డల ఉసురు వాళ్లకే తగలనీ" అంది. అని నా మొహంలోకి చూసింది. ఇంత పెద్ద తిట్టు తిట్టినందుకు నేను కోప్పడతానేమోనని చూసింది.

నేను ఆమీన్ అన్నాను.

ఖాజాబీ.